షెట్లాండ్, ఆర్క్నీ, యూయిస్ట్: మీ వారం రోజుల సెలవు ఏ దీవిలో?

స్కాట్లాండ్ ఉత్తర, పడమటి దీవుల్లో వారం రోజులు ఒక కాటేజీ అద్దెకు తీసుకుని, మన వంట మనం చేసుకుంటూ పక్షుల్నీ జంతువుల్నీ చూద్దామనుకునే వాళ్లకి మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫోటోల్లో దీవులన్నీ ఒకేలా ఉంటాయి. తెల్లటి ఇల్లు, పచ్చగడ్డి, నాలుగు గొర్రెలు, వెనకాల సముద్రం. దాంతో చాలామంది ఇంటి ఫోటోలు, రివ్యూలు చూసి బుక్ చేసేస్తారు. తీరా వెళ్లాక, పిల్లలు ఆశపడ్డ పఫిన్ పక్షులు ఆ దీవిలో లేవనో, ఆ నెలలో ఉండవనో తెలుస్తుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. ముందు ఏ జీవిని చూడాలనుందో, మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుందో తేల్చుకోండి. ఆ రెండూ తేలితే దీవి దానంతటదే తేలిపోతుంది. ఇల్లు ఆఖరికి వెతకొచ్చు.

ఇంగ్లాండ్‌లో పిల్లల్ని బడికి పంపేవాళ్లు క్యాలెండర్‌ను కాస్త జాగ్రత్తగా చూడాలి. వేసవి సెలవులు మొదలయ్యేసరికి జులై మూడో నాలుగో వారం వచ్చేస్తుంది. పఫిన్‌లు ఏప్రిల్ మధ్యలో కొండచరియల మీదికొచ్చి బొరియల్లో గుడ్లు పెడతాయి. ఆగస్టు మొదటి వారానికల్లా మూటాముల్లె సర్దుకుని సముద్రం మీదికి వెళ్లిపోతాయి. అంటే ఆగస్టు రెండో వారానికి టికెట్ కొన్నవాళ్లకి మిగిలేది ఖాళీ బొరియలే. మే చివర్లో వచ్చే హాఫ్ టర్మ్ వారం, అంటే బడి టర్మ్ మధ్యలో ఇచ్చే వారం సెలవు, దీనికి చక్కగా సరిపోతుంది. పఫిన్‌లు ఉంటాయి, వెలుతురు రాత్రి పదిన్నర దాకా ఉంటుంది, జనం కూడా తక్కువ. అక్టోబర్ హాఫ్ టర్మ్ అయితే కథ వేరు. అప్పుడు గ్రే సీల్‌లు తీరానికొచ్చి తెల్లటి పిల్లల్ని కంటాయి. దానికి ఆర్క్నీ మంచిది.

ఇక దీవుల విషయానికొద్దాం.

షెట్లాండ్

వన్యప్రాణుల కోసమే వెళ్తున్నామంటే నా ఓటు షెట్లాండ్‌కే. 60 డిగ్రీల అక్షాంశం మీదుంది. చెట్లు దాదాపు లేవు. ఎక్కడ నిలబడినా సముద్రం ఐదు కిలోమీటర్లలోపే ఉంటుంది. జూన్ నెలాఖరులో అర్ధరాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు, ఆ మసక వెలుతురును అక్కడివాళ్లు సిమ్మర్ డిమ్ అంటారు.

వెళ్లడమే కాస్త కష్టం. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని ఆబర్డీన్‌లో సాయంత్రం ఫెర్రీ ఎక్కితే తెల్లారి ఏడున్నరకు షెట్లాండ్ ముఖ్య పట్టణం లెర్విక్‌లో దింపుతుంది. నేరుగా వెళ్తే పన్నెండున్నర గంటలు, మధ్యలో ఆర్క్నీలో ఆగితే ఇంకాస్త ఎక్కువ. సముద్రం పోట్లాటకు దిగిన రాత్రయితే ఆ పన్నెండు గంటలూ కడుపులో తిప్పుతూనే ఉంటుంది. వాంతుల మాత్ర ఓడ కదలక ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. కారు, క్యాబిన్, నలుగురి టికెట్లు కలిపితే రానుపోను ఖర్చు కొన్నిసార్లు కాటేజీ అద్దెకు దగ్గరగా వస్తుంది. విమానంలో వెళ్లి అక్కడే కారు అద్దెకు తీసుకోవడం ఎంతవుతుందో కూడా లెక్కేసుకుని చూడండి. సంబరా విమానాశ్రయం రన్‌వేను అడ్డంగా దాటుతూ రోడ్డుంటుంది. విమానం వస్తుంటే మన రైల్వే గేటులాగే గేటు వేసేస్తారు. పిల్లలకి అదే ఒక వినోదం.

ఆ విమానాశ్రయం పక్కనే ఉన్న కొండ సంబరా హెడ్. పైన 1821లో రాబర్ట్ స్టీవెన్సన్ కట్టిన లైట్‌హౌస్. కారు పార్క్ చేసి కాసేపు ఎక్కితే చాలు, రాతి గోడకు అవతల పఫిన్‌లు చేయి చాపేంత దూరంలో నిలబడి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని ఇండియా నుంచి తీసుకొచ్చినా చూపించగలిగిన చోటు ఇది. ఉత్తర కొసన అన్‌స్ట్ దీవిలో ఉన్న హెర్మనెస్‌లో గానెట్‌లనే పెద్ద సముద్రపు పక్షుల కాలనీ ఇంకా అద్భుతంగా ఉంటుంది. అయితే అక్కడికి గాలిలో, చిత్తడి నేల మీద గంటల తరబడి నడవాలి. దారిలో బాంక్సీ అని పిలిచే పెద్ద స్కువా పక్షులు గూడు దగ్గరికొస్తే తల మీదికి దూకుతాయి. చేతికర్ర తల కంటే ఎత్తుగా పట్టుకుంటే ఆ కర్రనే గురి చూసుకుంటాయి, మన నెత్తి దక్కుతుంది. 2021, 2022 సంవత్సరాల్లో వచ్చిన బర్డ్ ఫ్లూకి ఈ స్కువాలు, గానెట్‌లు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. కాబట్టి పాత వీడియోల్లో చూసినంత సందడి ఆశించకండి. చచ్చిన పక్షిని ముట్టుకోవద్దని పిల్లలకి ముందే చెప్పాలి.

మూసా దీవిలో సుమారు 2,000 ఏళ్ల కిందటి గుండ్రటి రాతి బురుజు ఒకటుంది, 13 మీటర్ల ఎత్తు. పగలు చూస్తే రాళ్ల కట్టడమే. మే నెలాఖరు నుంచి జులై మధ్య దాకా రాత్రిపూట పడవలో తీసుకెళ్తారు. ఆ మసక వెలుతురులో 25 గ్రాముల బరువుండే స్టార్మ్ పెట్రెల్ పక్షులు సముద్రం మీద నుంచొచ్చి బురుజు రాళ్ల సందుల్లోకి దూరుతుంటాయి. గోడలోంచి గురగురమని శబ్దాలొస్తాయి. గాలి ఎక్కువుంటే పడవ రద్దవుతుంది కాబట్టి మీ వారంలో మొదటి రెండు రోజుల్లోనే బుక్ చేసుకుంటే, రద్దయినా ఇంకో రోజు మిగులుతుంది.

షెట్లాండ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి నీటికుక్కలు, అంటే ఆటర్‌లు. మన కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఉండే జాతి వేరు, ఇవి యూరేషియన్ ఆటర్‌లు. ఇక్కడ సముద్రపు ఒడ్డునే బతుకుతాయి. ఉప్పు పట్టిన బొచ్చు కడుక్కోవడానికి మంచినీళ్ల మడుగు లేదా వాగు దగ్గర్లో ఉండాలి. అలాంటి చోటు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఆటుపోట్ల పట్టిక చూసి, నీళ్లు తగ్గే వేళకి, గాలి మీ ముఖానికి కొట్టేటట్టు కూర్చోండి. మన వాసన వాటికి అందిందంటే ఇక కనబడవు. నీళ్ల మీద ముందు తల, తర్వాత వీపు కనిపిస్తుంది, మునిగేటప్పుడు తోక కొస ఒక్కసారి పైకి లేస్తుంది. మునిగాక ఇరవై ముప్పై సెకన్లు టైముంటుంది. ఆ కాసేపే మీరు ముందుకు జరగాలి, తేలగానే రాయిలా కదలకుండా ఉండిపోవాలి. చిన్న చేపనైతే నీళ్లలోనే వెల్లకిలా తేలుతూ నమిలేస్తుంది, పెద్దదో పీతో దొరికితే ఒడ్డుకు లాక్కొస్తుంది. మీరు ఓపిగ్గా కూర్చున్నదానికి దక్కేది ఆ ఒడ్డు మీద విందే.

కాటేజీ ఎక్కడ తీసుకోవాలన్నది దీన్నిబట్టే. పఫిన్‌లు, మూసా ముఖ్యమైతే దక్షిణాన సంబరా వైపు. ఆటర్‌లు ముఖ్యమైతే ఉత్తరాన ఉన్న యెల్ లేదా అన్‌స్ట్ దీవి. లెర్విక్‌లో ఇల్లు తీసుకుని రోజూ అన్‌స్ట్‌కి వెళ్లొద్దామనుకుంటే రెండు ఫెర్రీలు మారాలి, రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. ఓర్కా తిమింగలాలు కూడా షెట్లాండ్ తీరాలకు బాగా దగ్గరగా వస్తాయి, కనబడితే స్థానికులు ఫేస్‌బుక్ గ్రూపుల్లో వెంటనే చెప్పేసుకుంటారు. అయినా వాటి మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయకండి. కనబడితే అదృష్టం.

పక్షుల పిచ్చి బాగా ముదిరినవాళ్లు ఫెట్లర్ దీవి కూడా చూడాలి. అక్కడ గూడు కట్టే రెడ్ నెక్డ్ ఫలరోప్ ఒకదానికి 2012లో చిన్న పరికరం కట్టి పంపితే, అది అట్లాంటిక్ దాటి, కరీబియన్ మీదుగా పెరూ, ఈక్వడార్ తీరానికి పోయి తిరిగొచ్చింది. మొత్తం 16,000 మైళ్లు.

ఆర్క్నీ

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసి వెళ్తుంటే, పైగా ఇలాంటి ప్రయాణం మొదటిసారైతే ఆర్క్నీ మేలు. స్కాట్లాండ్ ఉత్తర తీరంలోని స్క్రాబ్‌స్టర్ నుంచి ఆర్క్నీలోని స్ట్రామ్‌నెస్‌కి ఫెర్రీ గంటన్నరే. దారిలో 137 మీటర్ల ఎత్తున్న ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హాయ్ రాతి స్తంభం ఓడలోంచే కనిపిస్తుంది. నేల కూడా షెట్లాండ్‌లా రాళ్లూ బురదా కాదు, పచ్చటి పొలాలు, ఆవులు. ముఖ్య పట్టణం కిర్క్‌వాల్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లున్నాయి.

అన్నిటికీ మించి, వాన పడ్డ రోజు ఏం చెయ్యాలన్న టెన్షన్ ఉండదు. 1850లో తుఫానుకి ఇసుక కొట్టుకుపోయి బయటపడ్డ 5,000 ఏళ్ల నాటి ఊరు స్కారా బ్రే, నిలువు రాళ్ల వలయం రింగ్ ఆఫ్ బ్రాడ్గర్, రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ ఖైదీలు కట్టిన చిన్న చర్చి, ఇలా చూడ్డానికి బోలెడుంటాయి. షెట్లాండ్‌లో గాలివాన పట్టుకుంటే ఇంట్లో కూర్చుని పకోడీలు వేసుకోవడమే.

జంతువుల విషయంలో మాత్రం ఆర్క్నీ ఒక మెట్టు దిగువ అని నా అభిప్రాయం. ఆటర్‌లున్నాయి గానీ అంత సులువుగా చిక్కవు. పఫిన్‌ల కోసం వెస్ట్రే దీవికి మరో ఫెర్రీ ఎక్కాలి. అక్కడ క్యాసిల్ ఓ బరియన్ అనే రాతి దిబ్బ ఎదురుగా కూర్చుంటే ఎంతసేపైనా చూడొచ్చు, నడక కూడా తక్కువే. కానీ ఒక్క విషయంలో ఆర్క్నీని కొట్టేది లేదు. పొట్టిచెవుల గుడ్లగూబ, హెన్ హారియర్ అనే గద్ద పట్టపగలే రోడ్డు పక్క పొలాల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ వేటాడతాయి. కారులోంచే చూడొచ్చు. వాటి ముఖ్య ఆహారం ఆర్క్నీ వోల్ అనే ఎలుకజాతి జంతువు, బ్రిటన్‌లో ఇంకెక్కడా లేదు. 2010లో స్టోట్ అనే ముంగిసలాంటి జంతువు ఎలాగో ఈ దీవుల్లోకి చేరింది. వోల్‌లనీ, నేల మీద గూడు కట్టే పక్షుల్నీ అది తినేస్తుండడంతో దాన్ని పూర్తిగా తొలగించే పని నడుస్తోంది. రోడ్ల పక్కన కనిపించే చెక్కపెట్టెలు అందుకు పెట్టిన బోనులే, ముట్టుకోకండి.

వెస్ట్రే వరకు వెళ్తే, అక్కణ్నుంచి పాపా వెస్ట్రేకి ప్రపంచంలోనే అతి చిన్న విమాన సర్వీసు ఉంది. రెండు నిమిషాలు కూడా పట్టదు. సీటు బెల్టు పెట్టుకునేసరికి దిగమంటారు.

యూయిస్ట్ దీవులు

ఇవి స్కాట్లాండ్‌కి పడమటి వైపు. నార్త్ యూయిస్ట్, బెన్‌బెక్యులా, సౌత్ యూయిస్ట్ వరసగా ఉంటాయి, వాటి కొసల్లో బర్నరే, ఎరిస్కే. సముద్రం మీద వేసిన కట్టల రోడ్లతో అన్నీ కలిసిపోయాయి. ఒక్క కాటేజీ తీసుకుని ఫెర్రీ గొడవ లేకుండా అన్నీ తిరగొచ్చు. ఆ కట్టల మీద 'ఆటర్‌లు దాటుతుంటాయి, జాగ్రత్త' అని బోర్డులుంటాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు.

ఇక్కడ పఫిన్ కొండలు లేవు. అది ముందే మనసులో పెట్టుకోండి. ఇక్కడున్నది నేల. గవ్వల పొడితో ఏర్పడ్డ ఇసుక మీద పెరిగిన గడ్డి మైదానాలు, మాకర్ అంటారు, జూన్ జులైలలో పూలతో నిండిపోతాయి. అందులో దాక్కునే పక్షి కార్న్‌క్రేక్. దువ్వెన పళ్ల మీద గోరు లాగితే వచ్చే శబ్దం, రాత్రంతా ఆపకుండా. వినడం చాలా తేలిక, చూడ్డమే గగనం. గడ్డి ఎదగక ముందు, మే మొదట్లో నార్త్ యూయిస్ట్‌లోని బాల్‌రానల్డ్ పక్షుల రిజర్వ్‌కి వెళ్తే తల ఎత్తినప్పుడు కనబడే అవకాశం ఎక్కువ. జూన్ దాటితే చెవులతో సరిపెట్టుకోవాలి. నిద్ర పలచగా పట్టేవాళ్లు ఇయర్ ప్లగ్‌లు పట్టుకెళ్లండి, ఇది జోక్ కాదు.

గద్దలకి కూడా యూయిస్ట్ పెట్టింది పేరు. తెల్లతోక గద్ద రెక్కలు చాపితే 2.4 మీటర్ల దాకా ఉంటుంది. బ్రిటన్‌లో ఆఖరి తెల్లతోక గద్దను 1918లో షెట్లాండ్‌లో కాల్చేశారు. 1975 నుంచి నార్వే నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి రమ్ దీవిలో వదిలితే, ఇప్పుడు పడమటి తీరమంతా విస్తరించాయి.

గ్లాస్గో నుంచి స్కై దీవిలోని ఊయిగ్ దాకా కారులో ఐదు గంటలకు పైనే, అక్కణ్నుంచి నార్త్ యూయిస్ట్‌లోని లాక్‌మ్యాడీకి ఫెర్రీ గంటా ముప్పావు. ఫెర్రీ ఛార్జీలు షెట్లాండ్‌తో పోలిస్తే చాలా తక్కువ. కానీ గాలి పెరిగితే ఓడలు ఆగిపోవడం ఇక్కడ మామూలు. ఆదివారం సంగతి కూడా తెలుసుకుని వెళ్లాలి. నార్త్ యూయిస్ట్‌లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే ప్రెస్బిటేరియన్ క్రైస్తవులు ఎక్కువ, దక్షిణాన కాథలిక్‌లు. ఎటున్నా సరే, పెట్రోలూ పాలూ శనివారమే చూసుకోవడం క్షేమం.

భార్యాభర్తలిద్దరే వెళ్తున్నా, ఫోన్ పక్కన పెట్టి ఖాళీ బీచ్‌ల మీద నడవాలనుకున్నా నేను యూయిస్టే తీసుకుంటాను. చిన్నపిల్లలకి మాత్రం మూడో రోజుకే బోర్ కొట్టొచ్చు.

నాలుగు రోజులే సెలవు దొరికితే ఈ మూడూ వదిలేసి మల్ దీవికి వెళ్లండి. ఓబన్ నుంచి యాభై నిమిషాల ఫెర్రీ, గద్దలు, ఆటర్‌లు, లుంగా దీవికి పడవలో వెళ్తే పఫిన్‌లు. గాలి తక్కువ, చెట్లెక్కువ, దాంతోపాటే మిడ్జ్ అనే కుట్టే పురుగులూ ఎక్కువ. జులైలో సాయంత్రం బయట కూర్చుని టీ తాగడం కుదరదు. గాలి వీచే దీవుల్లో ఈ బాధ చాలావరకు ఉండదు, గాలిలో అవి ఎగరలేవు.

ఇల్లు ఎంచుకునేటప్పుడు

స్కాట్లాండ్‌లో ఇలా కొద్దిరోజులకు అద్దెకిచ్చే ఇళ్లకు లైసెన్స్ తప్పనిసరి, ప్రకటనలో ఆ నంబర్ ఉండాలి. లేకపోతే ఆ ఇల్లు వదిలేయండి. ఫోటోల్లో సోఫా, బాత్‌టబ్ చూడకండి. వంటగది కిటికీ ఎటు చూస్తుందో అడగండి. నీళ్లు కనబడే కిటికీ ఉంటే అన్నం వండుకుంటూనే సీల్‌లనీ ఆటర్‌లనీ చూడొచ్చు. ఆ ఒక్క సౌకర్యానికి నేను కాస్త ఎక్కువ అద్దె ఇవ్వడానికైనా సిద్ధం. రెండోది, తడిసిన బూట్లూ జాకెట్‌లూ ఆరేసుకోవడానికి విడిగా వరండానో గదో ఉందా? రోజూ తడుస్తారు, ఆరే చోటు లేకపోతే మూడో రోజు నుంచి ఇల్లంతా ముక్కవాసనే. మూడోది, హీటింగ్ అద్దెలో కలిసి ఉందా, కరెంటు మీటర్ చూసి విడిగా వసూలు చేస్తారా, పొయ్యిలోకి కట్టెలు ఇస్తారా? జూన్‌లో కూడా రాత్రి హీటర్ వేయాల్సి రావొచ్చు.

వంట విషయంలో మనకు మాత్రమే వచ్చే సమస్య ఒకటుంది. 2022 ఫిబ్రవరి నుంచి స్కాట్లాండ్ ఇళ్లలో అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉండాలని నియమం. వంటగదిలో ఉండేది వేడిని పసిగట్టే అలారం, తాలింపుకి అది సాధారణంగా కూయదు. హాలులోనూ నడవలోనూ ఉండేవి పొగ అలారాలు. వంటగది, హాలు కలిసిపోయిన ఓపెన్ ప్లాన్ ఇంట్లో ఎండుమిర్చి పోపు వేశారంటే ఆ పొగకి అలారం మోగొచ్చు, దాంతో ఇంట్లో ఉన్నవన్నీ ఒకేసారి మోగుతాయి, పడుకున్న పిల్లలు లేచి కూర్చుంటారు. కాబట్టి తలుపున్న వంటగది, పని చేసే చిమ్నీ ఉన్న ఇల్లు చూసుకోండి. లేదంటే బయల్దేరే ముందే పోపు వేయించి డబ్బాలో పోసుకెళ్లండి. పప్పులో, పెరుగన్నంలో కలుపుకుంటే సరిపోతుంది.

బియ్యం, కందిపప్పు, చింతపండు, కరివేపాకు, ఆవకాయ ఇంటి నుంచే తీసుకెళ్లాలి. లెర్విక్, కిర్క్‌వాల్‌లలో సూపర్‌మార్కెట్లు, యూయిస్ట్‌లో కో-ఆప్ దుకాణాలు ఉన్నాయి గానీ ఓడ రాకపోతే అరలు ఖాళీగా కనబడతాయి. చాలా ఇళ్లకు మురుగునీటికి సెప్టిక్ ట్యాంకే, వేపుడు నూనె సింక్‌లో పోయొద్దు. మారుమూల ఇళ్లలో కుళాయి నీళ్లు లేత గోధుమ రంగులో వస్తే కంగారు పడకండి, అది పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ నల్లనేల రంగు. తాగొచ్చో లేదో ఇంటివాళ్లు రాసిపెట్టే ఉంటారు.

గాలి గురించి ఒక్క మాట. గొడుగు ఇంట్లోనే వదిలేయండి. కారు ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, తలుపు ఒక చేత్తో గట్టిగా పట్టుకునే తెరవండి. వెనక నుంచి గాలి కొడితే తలుపు కీళ్లు విరిగిపోతాయి, అద్దె కారయితే ఆ బిల్లు మీదే. వెనక సీట్లో పిల్లల్ని తలుపు తెరవనివ్వకండి.

బుకింగ్‌లో వరుస తప్పొద్దు. వేసవిలో ఓడల్లో కార్ల చోటు కాటేజీల కంటే ముందే అయిపోతుంది, అది ఖాయమయ్యాకే ఇంటికి డబ్బు కట్టండి. దీవుల్లో చాలా కాటేజీలు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆ శనివారం ఓడ రద్దయితే ఆదివారం ఉండేవి తక్కువ, దొరికినదాంట్లో చోటుండకపోవచ్చు. సోమవారం పొద్దున్నే వార్డు డ్యూటీ ఉన్న డాక్టర్లు మంగళవారం దాకా సెలవు పెట్టుకుని బయల్దేరడం మంచిది.